పల్లమెరిగిన నీరు

అమెరికా అనగానే మనవాళ్లకు న్యూజెర్సీ, డల్లాస్, బే ఏరియా గుర్తొస్తాయి. నేను చాలాకాలంగా ఉంటున్నది వాటన్నిటికీ దూరంగా, కాలిఫోర్నియా ఆగ్నేయ మూలన మెక్సికో సరిహద్దును ఆనుకుని ఉన్న ఇంపీరియల్ కౌంటీలో. కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా. అయితే కలెక్టరు ఉండడు. పాలన చూసే ఐదుగురు సూపర్‌వైజర్లనూ, పోలీసు పెద్ద షెరీఫ్‌నూ జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు. కాలిఫోర్నియాలోని 58 కౌంటీల్లో ఆఖరున, 1907లో, శాన్ డియేగో కౌంటీ నుంచి విడిపోయి ఏర్పడింది ఇది. విస్తీర్ణం సుమారు 11,600 చదరపు కిలోమీటర్లు. 2020 లెక్కల్లో జనాభా లక్షా ఎనభై వేలకు కాస్త తక్కువ. ఈ దేశంలో నీటికీ నేలకూ పౌరసత్వానికీ మధ్య ఎలాంటి ముడి పడిందో తెలియాలంటే ఈ కౌంటీ కథ వినాలి.

ముందు నేల సంగతి. కౌంటీ కేంద్రం ఎల్ సెంట్రో సముద్రమట్టానికి సుమారు 40 అడుగుల దిగువన ఉంది. ఉత్తరాన ఉన్న సాల్టన్ సీ అనే ఉప్పునీటి సరస్సు 200 అడుగులకు పైగా దిగువన. ఏడాది మొత్తం మీద కురిసే వాన మూడంగుళాలకు మించదు. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. తూర్పున ఇసుక దిబ్బలు, పడమట రాళ్ల కొండలు, నడుమ బల్లపరుపు పల్లం. కొలరాడో నది వేల ఏళ్లపాటు మోసుకొచ్చిన ఒండ్రు ఒకప్పటి సముద్రపు పాయకు అడ్డుకట్టలా పేరుకుపోగా, ఉత్తరాన ఈ పల్లం మిగిలింది. గోదావరి ఒండ్రు కోనసీమను చేసినట్టే, ఈ నేలను చేసింది కూడా ఒక నదే. తేడా ఏమిటంటే, నేలను చేశాక నది మరోవైపు వెళ్లిపోయింది.

నది అప్పుడప్పుడు దారి మార్చి ఈ పల్లంలోకి వచ్చేది. అలా నిండిన పెద్ద సరస్సును ఇప్పుడు కహుయియా సరస్సు అంటారు. అది ఆఖరుసారి ఎండిపోయి మూడు వందల ఏళ్లు కావస్తోంది. నీరు తగ్గుతున్నకొద్దీ ఒడ్డు వెంట దిగుతూ చేపలు పట్టడానికి కహుయియా జనం పేర్చిన రాతి వరుసలు కొండవాలున ఇప్పటికీ కనిపిస్తాయి. దక్షిణాన కుమియాయ్, నది ఒడ్డున క్వెచాన్ జాతుల వాళ్లు వరద తీసిన నేలలో పంటలు వేసుకునేవారు. స్పెయిన్ సైన్యాధికారి ఆన్జా 1774లో ఈ ఎడారి మీదుగా వెళ్లే దారి కనుగొన్నాడు. స్పెయిన్ వాళ్లు నది రేవు దగ్గర స్థావరాలు కట్టి పంటలు పాడుచేస్తే, 1781 జులైలో క్వెచాన్‌లు తిరగబడి వాళ్లను వెళ్లగొట్టారు. కొన్ని దశాబ్దాలపాటు ఆ దారి మూతపడింది. ఇక్కడి చరిత్రను చాలామంది 1901లో కాలువ వచ్చిన రోజు నుంచి మొదలుపెడతారు. అంతకుముందు ఇది ఖాళీ నేల అనుకుంటే మొదటి పేజీలోనే అన్యాయం చేసినట్టు.

కాలువ తెచ్చింది ప్రభుత్వం కాదు, ఒక ప్రైవేటు కంపెనీ. ఇంజినీరు చార్లెస్ రాక్‌వుడ్ మొదలుపెట్టిన పనిని జార్జ్ ఛాఫీ చేపట్టి, మెక్సికో భూభాగం గుండా పోయే పాత వాగును కాలువగా వాడుకుని 1901లో నీళ్లు పారించాడు. ఎడారి అంటే ఎవరూ రారని ఈ ప్రాంతానికి ఇంపీరియల్ వ్యాలీ అని పేరు పెట్టిందీ అతనే. వేలమంది రైతులు వచ్చి పడ్డారు. కానీ కొలరాడో మోసుకొచ్చే బురదకు కాలువ నాలుగేళ్లలోపే పూడిపోయింది. పంటలు ఎండుతున్నాయని రైతులు గోల పెడితే, కంపెనీ 1904లో సరిహద్దుకు దిగువన నది గట్టును కోసి కొత్త దారి తీసింది. ఆ కోతకు లాకులు పెట్టలేదు.

1905లో వరుసగా వరదలు వచ్చాయి. గండి వెడల్పయి కొలరాడో నది మొత్తం ఈ పల్లంలోకి మళ్లింది. నీరు పల్లమెరుగు అన్నారు మనవాళ్లు. సరిహద్దు అవతలి మెక్సికాలి పట్టణంలో కొంత కొట్టుకుపోయింది. టోరెస్ మార్టినెజ్ తెగకు చెందిన వేల ఎకరాలు మునిగిపోయాయి. సదరన్ పసిఫిక్ రైలు కంపెనీ గండి మీద వంతెనలు కట్టి, వ్యాగన్లకు వ్యాగన్లు బండరాళ్లు కుమ్మరించి 1907 ఫిబ్రవరిలో నదిని పాత దారికి తిప్పింది. ఆ రెండేళ్లలో నిండినదే నేటి సాల్టన్ సీ. అదే ఏడాది ఆగస్టులో కౌంటీ పుట్టింది. అంటే ఒక గండి పూడ్చిన ఆరు నెలలకు ఏర్పడిన జిల్లా ఇది.

ప్రజలు 1911లో ఇంపీరియల్ ఇరిగేషన్ డిస్ట్రిక్ట్ అనే సంస్థను ఏర్పాటు చేసుకుని కాలువలను తమ చేతికి తెచ్చుకున్నారు. నీళ్లు మరో దేశం గుండా రావడం ఎప్పుడూ తగువే కాబట్టి, పూర్తిగా అమెరికా గడ్డ మీద నడిచే కాలువ కావాలని పోరాడారు. హూవర్ డ్యామ్‌కు అనుమతినిచ్చిన 1928 చట్టమే ఈ ఆల్ అమెరికన్ కెనాల్‌కూ దారి తీసింది. సుమారు 130 కిలోమీటర్ల ఈ కాలువలో 1940లో నీళ్లు పారాయి. అదే ఏడాది మే 18న వచ్చిన భూకంపాన్ని ఎల్ సెంట్రోలోని యంత్రం నమోదు చేసింది. సివిల్ ఇంజినీరింగులో భూకంపాల గురించి చదివిన మన పిల్లలకు ఈ ఊరి పేరు ఆ రికార్డు ద్వారా ముందే తెలుసు.

ఇప్పుడు ఇరిగేషన్ డిస్ట్రిక్ట్‌కు ఏటా 31 లక్షల ఎకరా అడుగుల నీటి హక్కు ఉంది. మన లెక్కలో సుమారు 135 టీఎంసీలు. కాలిఫోర్నియా మొత్తానికి కొలరాడోలో వచ్చే వాటా 190 టీఎంసీల పైచిలుకు అని గుర్తుంచుకుంటే, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో లాంటి నగరాలు ఈ చిన్న కౌంటీ వైపు ఎందుకు చూస్తాయో అర్థమవుతుంది. చలికాలంలో అమెరికా తినే లెట్యూస్, బ్రోకలీ, క్యారెట్లు పెద్ద ఎత్తున ఇక్కడే పండుతాయి. వేసవిలో లూసర్న్ గడ్డి, ఖర్బూజా.

ఈ నేల ఎవరిదనే ప్రశ్న దగ్గర మన భూ పరిమితి చట్టాలు గుర్తుకు రాక మానవు. ప్రభుత్వ ప్రాజెక్టు నీళ్లు ఒక్కొక్కరికి 160 ఎకరాలకే ఇవ్వాలని 1902 నాటి అమెరికా చట్టం చెప్పింది. దాన్ని ఇక్కడ అమలు చేయాలని బ్రాలీ పట్టణపు వైద్యుడు బెన్ యెలెన్ ఏళ్ల తరబడి పోరాడాడు. భూమిలేని వాళ్లతో కలిసి వేసిన ఆ దావా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1980లో ఓడిపోయింది. 1928 నాటి డ్యామ్ చట్టానికి ముందే తడుస్తున్న భూములకు ఆ పరిమితి వర్తించదన్నారు. పెద్ద కమతాలు పెద్దవిగానే ఉండిపోయాయి.

భూమి కొనే హక్కే లేనివాళ్లూ ఉన్నారు. పౌరసత్వానికి అనర్హులైన విదేశీయులు వ్యవసాయ భూమి కొనకూడదని కాలిఫోర్నియా 1913లో చట్టం చేసింది, 1920లో కౌలును కూడా నిషేధించింది. మొదట దెబ్బ తిన్నది ఖర్బూజా సాగులో ఆరితేరిన జపాన్ రైతులు. వాళ్లను 1942లో ఇళ్లలోంచి తీసుకెళ్లి అరిజోనాలోని పోస్టన్ వంటి నిర్బంధ శిబిరాల్లో పెట్టారు. ఆ తర్వాత మళ్లీ ఇక్కడికి తిరిగొచ్చినవాళ్లు తక్కువ.

అదే కాలంలో పంజాబు నుంచి వచ్చిన రైతులు ఇక్కడ పత్తి వేశారు. ఎక్కువమంది సిక్కులు, కొందరు ముస్లింలు, కొద్దిమంది హిందువులు. 1917 చట్టం భారతదేశం నుంచి వలసను మూసేసింది. ఇంటి దగ్గరున్న భార్యలను తెచ్చుకునే వీలు లేదు. తెల్లవారిని పెళ్లాడడానికి రాష్ట్ర చట్టం అడ్డం. వాళ్లు పక్క చేలల్లో పత్తి తీసే మెక్సికన్ స్త్రీలను పెళ్లి చేసుకున్నారు. భారతీయులు పౌరసత్వానికి పనికిరారని 1923లో థిండ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చాక, కొందరు ఇక్కడే పుట్టిన పిల్లల పేరున భూమి పెట్టుకున్నారు. ఇంటిపేరు సింగ్, మాట్లాడేది స్పానిష్, వెళ్లేది కేథలిక్ చర్చికి, వంటింట్లో రోటీ, టోర్టియా రెండూ. ఈ కుటుంబాల చరిత్రను మానవశాస్త్రవేత్త కరెన్ లెనార్డ్ శ్రద్ధగా గ్రంథస్థం చేశారు.

ఆ రైతుల్లో ఒకరు దలీప్ సింగ్ సౌంద్. అమృత్‌సర్ జిల్లాలో పుట్టి, బర్కిలీలో గణితంలో డాక్టరేటు పొంది, ఉద్యోగం దొరికే దారి లేక ఇక్కడికొచ్చి సేద్యం చేశాడు. భారతీయులకు పౌరసత్వ హక్కు కోసం ఏళ్లు తిరిగాడు. 1946లో లూస్ సెల్లర్ చట్టంతో ఆ హక్కు వచ్చింది. 1949లో పౌరుడయ్యాడు. 1950లో వెస్ట్‌మోర్లాండ్ ఊళ్లో న్యాయాధికారి పదవికి గెలిచినా, పౌరుడై ఏడాది నిండలేదని పదవి ఇవ్వలేదు. 1952లో మళ్లీ నిలబడి గెలిచాడు. 1956లో అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి ఆసియా సంతతి వ్యక్తి అయ్యాడు. 1965 తర్వాత డిగ్రీలు పట్టుకుని వచ్చిన మనలాంటి వాళ్లు పౌరసత్వం అడగగలిగామంటే, దాని వెనుక ఈ పత్తి రైతుల పోరాటం ఉంది. అమెరికాలో తెలుగు సంఘాల వేదికల మీద సౌంద్ పేరు వినిపించాలని నా కోరిక.

ఇప్పుడు కౌంటీలో పదిమందిలో ఎనిమిదిమందికి పైగా లాటినోలే. ఇంకా తెల్లవారకముందే వేలమంది కూలీలు మెక్సికాలి నుంచి కాలెక్సికో సరిహద్దు గేటు దగ్గర వరుస కట్టి, బస్సులెక్కి చేలకు వెళతారు. ప్రభుత్వమే మెక్సికో కూలీలను ఒప్పందం మీద తెచ్చిన బ్రసెరో పథకం 1942 నుంచి 1964 దాకా నడిచింది. ఖర్బూజా కూలీలు 1928లో, లెట్యూస్ కూలీలు 1979లో సమ్మె చేశారు. ఆ రెండో సమ్మెలో ఒక కార్మికుడు తుపాకీ దెబ్బకు చనిపోయాడు. సరిహద్దు దాటుతూ ఎడారిలోనో కాలువలోనో ప్రాణం పోగొట్టుకున్నవాళ్లు వందలమంది. పేరు తెలియని అలాంటి వారి సమాధులు హోల్ట్‌విల్ శ్మశానంలో ఉన్నాయి.

ఇక సాల్టన్ సీ. పొలాల మురుగునీరే దానికి ఆధారం. 2003 ఒప్పందం ప్రకారం ఇరిగేషన్ డిస్ట్రిక్ట్ ఏటా తొమ్మిది టీఎంసీల దాకా నీళ్లు శాన్ డియేగోకు అమ్మడం మొదలయ్యాక సరస్సుకు చేరే నీరు తగ్గింది. ఉప్పు సముద్రాన్ని మించింది, ఒడ్డు బయటపడి దుమ్ము లేస్తోంది. చుట్టుపక్కల పిల్లలకు ఉబ్బసం ఎక్కువ. అదే సరస్సు పక్కన భూగర్భపు వేడి ఉప్పునీటిలో ఇప్పుడు లిథియం ఉందని కంపెనీలు వస్తున్నాయి.

నూటపాతికేళ్లుగా ఇక్కడికి సంపద వచ్చినప్పుడల్లా లాభం ఒక చోటికి, చెమటా దుమ్మూ మరో చోటికి వెళ్లాయి. దాన్ని ఎదిరించిన వాళ్లు కూడా ఈ మట్టిలోంచే వచ్చారు: తిరగబడ్డ క్వెచాన్‌లు, సౌంద్, యెలెన్, సమ్మె కట్టిన కూలీలు. మనం ఇక్కడ ఓటు సంపాదించుకున్నాం. లిథియం వాటాలోనూ పిల్లలు పీల్చే గాలిలోనూ ఈ చేలల్లో పనిచేసేవాళ్ల పక్షాన ఆ ఓటు వేయడం, సౌంద్ తరానికి మనం పడ్డ బాకీ తీర్చడమే.