తుంగముస్తె: ఒక పేరు, పలు సీమలు

తుంగను గడ్డి యనుట వాడుక. కాని యది గడ్డి జాతికి చెందినది కాదు. గడ్డికాడ సాధారణముగ గుండ్రముగను, లోపల బోలుగను ఉండును. తుంగకాడ మూడంచులది, లోపల నిండుగ నుండును. ఆకు సన్నము, కొన వాడి. నేలక్రింద నల్లని గడ్డలు గొలుసువలె అల్లుకొనును. 1753లో లిన్నేయస్ దీనికి సైపరస్ రొటండస్ అని శాస్త్రనామ మొసగెను. 1852లో వెలువడిన బ్రౌను నిఘంటువున తుంగ పదము కలదు.

ఈ గడ్డలకే తుంగముస్తెలని పేరు. ఇందు రెండు మాటలు కలిసియున్నవి. తుంగ దేశ్యము, ముస్తె సంస్కృత ముస్తా శబ్దమునుండి వచ్చినది. కాళిదాసు శాకుంతలమున అడవిపందులు మడుగులలో పెల్లగించు ముస్త లివియే. జ్వరమునకు వైద్యులిచ్చు షడంగపానీయమునను ఇవి చేరును.

పొరుగు సీమలలో స్థిరపడిన తెలుగువారికి ఈ జంటపేరు అక్కరకు వచ్చును. కన్నడమున దీనిని తుంగెగడ్డె యందురు. మన పేరులోని మొదటి సగము వినబడును. ఒడియాలో ముథా, మరాఠీలో మోథా. రెండవ సగము వినబడును. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు బరంపురపు తెలుగువారు ఇల్లు కదలకయే ఎల్ల దాటిరి. అయినను వారి యింటి ముస్తెకు అంగడి ముథా చుట్టమే.

తమిళదేశమున సంగతి వేరు. అచట దీని పేరు కోరైకిళంగు. మన పేరులోని ఏ సగమును అందు లేదు. విజయనగర, మధుర నాయకుల కాలమున అచటికి చేరిన కుటుంబములకు అంగడి ఈ పేరును గుర్తుచేయదు. ఇంట పలికిననే అది నిలుచును.

పేరు పోయిన, దానితో పలుకుబడియు పోవును. ఇచ్చిన మాట నిలుపుకొననివానిని గూర్చి, మాటను తుంగలో తొక్కినా డందుము. తుంగ నెరుగని బాలునకు ఇవి అక్షరములే. చెరువు గట్టున మొక్కను చూపి చెప్పిన, ఎన్నటికిని మరువడు.

తుంగను కోసినకొలది గడ్డనుండి మరల మొలచును. దున్నిన, గొలుసు తెగి ఒక్కొక్క గడ్డయు వేరు మొక్క యగును. రైతునకు అది తీరని బాధ. మాటకు అట్టి గడ్డ లేదు; ఒక తరము పలుకుట మానిన, తరువాతి తరమునకు అది మొలవదు. కనుక కోరైకిళంగును బిడ్డ చేతికిచ్చునపుడు, దాని తెలుగు పేరును కూడ చెప్పుట ఇంటి పెద్దల పని.