తప్పు అచ్చులోది, నష్టం ఎవరిది?

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు, నేను కోటల గురించో రాజుల గురించో రాస్తాననుకున్నారు కాబోలు. నా ఉద్యోగ జీవితమంతా ట్రెజరీలో బిల్లుల మధ్య గడిచింది. నాకు తెలిసిన చరిత్ర అంకెల చరిత్రే. అందుకని ఒక అంకె తప్పు పడితే ఏమవుతుందో, ఆ తప్పును ఎవరు మోయాలో తెలిసినంతవరకు రాస్తున్నాను. లాటరీ టిక్కెట్టు పొరపాటున గెలిచినట్టు అచ్చయితే ఆ డబ్బు ఇవ్వాలా, అక్కర్లేదా అన్నది ప్రశ్న. ఏనాడూ లాటరీ జోలికి పోని పెద్దలు కూడా కాస్త ఓపిక పట్టి చదవండి. చివరికి ఇది మన పెన్షన్ దాకా వస్తుంది.

1974లో నేనొక తాలూకా సబ్ ట్రెజరీలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. మా అటెండరు నెలకొక రూపాయి పెట్టి లాటరీ టిక్కెట్టు కొనేవాడు. ఒకనాడు పేపరు పట్టుకుని పరుగున వచ్చి, "బాబుగారూ, ఒక్కసారి చూడండి, నా కళ్ళు సరిగా ఉన్నాయో లేదో" అన్నాడు. చూశాను. పేపర్లో రెండో బహుమతి నంబరూ, అతని చేతిలోని నంబరూ ఒకటే. హెడ్ అకౌంటెంటు గారు కూడా కళ్ళజోడు తుడుచుకుని చూసి ఔనన్నారు. ఆ పూట ఆఫీసందరికీ ఎదురు హోటలు నుంచి మైసూరుపాకు, కారప్పూస, కాఫీలు వచ్చాయి, అరువు మీద.

కొన్నాళ్ళకు గెజిట్ వచ్చింది. అందులో చివరి అంకె 8 కాదు, 3. పేపర్లో పడింది అచ్చుతప్పు. టిక్కెట్టు వెనక చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో, ఫలితాలను గెజిట్‌తో సరిచూసుకోవాలని రాసి ఉంది. అది చదవగలవాళ్ళం ఆఫీసులో ఆరుగురం ఉన్నాం గాని, ఒక్కరం కూడా ఆ రోజు టిక్కెట్టు తిప్పి చూడలేదు. హోటలు బాకీ అందరం చందా వేసుకుని తీర్చాం. ఐతే ఆ నాలుగు రోజుల్లోనే అతను కూతురి పెళ్ళి సంబంధం వాళ్ళకు మాట పంపాడు. ఆ మాట వెనక్కి తీసుకోవలసి వచ్చింది. దానికి మేం వేయగల చందా ఏముంది? అచ్చుతప్పు వల్ల వచ్చే నష్టం టిక్కెట్టు ఖరీదు ఒక్కటే కాదని నాకు తెలిసింది అప్పుడే.

అతని విషయంలో టిక్కెట్టు సరైనదే, పేపరు తప్పు. కాబట్టి చట్టం దృష్టిలో చిక్కు లేదు. మరి లాటరీ నడిపేవారే తప్పు అచ్చువేస్తే? దానికి ముందు మన దేశంలో ప్రభుత్వ లాటరీల సంగతి కొంచెం చెప్పుకోవాలి.

స్వతంత్ర భారతంలో మొదటగా ప్రభుత్వ లాటరీ పెట్టింది కేరళ, 1967లో. మొదటి డ్రా 1968 జనవరి 26న తీశారు. టిక్కెట్టు ఒక రూపాయి, మొదటి బహుమతి 50,000 రూపాయలు. తర్వాత ఎన్నో రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. బస్టాండుల్లో, సినిమా హాళ్ళ ముందు రకరకాల రాష్ట్రాల టిక్కెట్లు వేలాడదీసి అమ్మడం మనమందరం చూసినదే. ఇప్పుడు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ లాటరీలు లేవు.

ఈ వ్యాపారానికి ఒక కట్టడి కావాలని పార్లమెంటు 1998లో లాటరీల నియంత్రణ చట్టం చేసింది. దాని 4వ సెక్షను ప్రకారం టిక్కెట్లను రాష్ట్ర ప్రభుత్వమే అచ్చువేయించాలి. టిక్కెట్టు అసలుదో కాదో తేలేటట్టు ప్రభుత్వ ముద్ర ఉండాలి. డ్రా కూడా ప్రభుత్వమే తీయాలి. గడువులోగా ఎవరూ అడగని బహుమతి సొమ్ము ప్రభుత్వానికే చెందుతుంది. అంటే అచ్చువేసేదీ, డ్రా తీసేదీ, మిగిలితే ఉంచుకునేదీ ఒక్కరే. ఆ చట్టం చెల్లుతుందని సుప్రీంకోర్టు 1999లో తీర్పు చెబుతూ, ప్రభుత్వం నడిపినా లాటరీ జూదమే అవుతుందని కూడా అన్నది.

మరి టిక్కెట్టు అంటే ఏమిటి? సుప్రీంకోర్టు 1986లో దాన్ని రెండు హక్కుల కలయికగా చూసింది. ఒకటి డ్రాలో పాల్గొనే హక్కు, రెండోది అదృష్టం కలిసివస్తే బహుమతి అడిగే హక్కు. 2006లో రాజ్యాంగ ధర్మాసనం ఈ విషయాన్ని మళ్ళీ విచారించి, టిక్కెట్టు అమ్మకపు పన్ను వేయదగిన సరుకు కాదని, అది కేవలం ఒక క్లెయిము మాత్రమేనని తేల్చింది. ఆ కాగితానికి విలువ తెచ్చేది దాని మీద ఉన్న మాటే. మరి ఆ మాటే పొరపాటున పడితే?

ఈ ప్రశ్నకు లోకం చూసిన అతి పెద్ద పరీక్ష ఫిలిప్పీన్స్‌లో 1992లో జరిగింది. సరిగ్గా లాటరీ కాదు గాని దాని తమ్ముడే. అక్కడ పెప్సీ కంపెనీ తన పానీయాల సీసా మూతల లోపల మూడంకెల సంఖ్య, బహుమతి మొత్తం, ఒక సెక్యూరిటీ కోడు అచ్చువేసి ఫిబ్రవరిలో ఒక పోటీ మొదలుపెట్టింది. అన్నిటికన్నా పెద్ద బహుమతి పది లక్షల పెసోలు. ఆనాటి లెక్కలో సుమారు 40,000 అమెరికన్ డాలర్లు. రోజూ సాయంత్రం టీవీలో గెలుపు సంఖ్య చెప్పేవారు. జనం ఎగబడి కొన్నారు. అమ్మకాలు బాగున్నాయని మేలో ముగియవలసిన పోటీని జూన్ దాకా పొడిగించారు.

1992 మే 25 రాత్రి టీవీలో గెలుపు సంఖ్య 349 అని ప్రకటించారు. ఆ సంఖ్యతో పది లక్షల బహుమతికి ఉండవలసిన మూతలు రెండే. కాని అంతకుముందే, బహుమతి లేని సంఖ్యగా, 349 అంకెతో సుమారు ఎనిమిది లక్షల మూతలు అచ్చయి బజారులోకి వెళ్ళిపోయాయి. వాటికి సరైన కోడు లేదు, అంతే తేడా. ఆ రాత్రి ఎన్ని ఇళ్ళల్లో దీపాలు ఆర్పకుండా కూర్చున్నారో ఊహించుకోండి. మర్నాడు మూతలు పట్టుకుని జనం కంపెనీ గేట్ల ముందు నిలబడ్డారు.

అందరికీ ఇవ్వాలంటే ఎంత అవుతుందో గుమాస్తా బుద్ధితో లెక్క వేశాను. ఎనిమిది లక్షలను పది లక్షలతో హెచ్చిస్తే 80,000 కోట్ల పెసోలు. ఏ కంపెనీ ఇవ్వగలదు? కంపెనీ ఆలోచించి, మూత తెచ్చినవారికి సద్భావంగా 500 పెసోలు చొప్పున ఇస్తామన్నది. 4,86,170 మంది అది తీసుకున్నారు. ఆ ఖర్చే 24 కోట్ల పెసోలు దాటింది. తీసుకోనివారు సంఘాలు పెట్టారు, ఊరేగింపులు తీశారు, వేల సంఖ్యలో కోర్టుకెక్కారు. కంపెనీ లారీలను తగలబెట్టారు. 1993 ఫిబ్రవరిలో మనీలాలో ఒక లారీ మీద విసిరిన బాంబు పక్కకు పడి ఒక ఉపాధ్యాయురాలు, అయిదేళ్ళ పాప చనిపోయారు. ఆ మేలో దవావో నగరంలో కంపెనీ గిడ్డంగి మీద గ్రెనేడు విసిరితే ముగ్గురు పనివాళ్ళు ప్రాణాలు కోల్పోయారు. ఆ సంఖ్యను ఎంచినవారిలో వీళ్ళెవరూ లేరు.

కోర్టుల్లో వాదనలు రెండే. మూతలవాళ్ళు, "మూత మీద అంకె ఉంది, మొత్తం ఉంది, మీరే టీవీలో చెప్పారు. కోడు దొంగ మూతలను పట్టుకోవడానికే గాని, అసలు మూతను కాదనడానికి కాదు" అన్నారు. కంపెనీవాళ్ళు, "నియమాల్లో అంకెతో పాటు కోడు కూడా కలవాలని ముందే ప్రకటించాం" అన్నారు. కింది కోర్టుల్లో తీర్పులు తలొక రకంగా వచ్చాయి. చివరికి 2006లో ఆ దేశపు సుప్రీంకోర్టు, కోడు కలవని మూతకు బహుమతి రాదని, కంపెనీ నష్టపరిహారం కూడా ఇవ్వనక్కర్లేదని తేల్చింది. మూత దాచుకున్న మనిషి పద్నాలుగేళ్ళు ఎదురుచూసి విన్న మాట అది.

అచ్చంగా ప్రభుత్వ లాటరీలోనే ఇలాంటిది అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రంలో 2017 క్రిస్మస్ నాడు జరిగింది. ఒక డాలరు టిక్కెట్టు. తొమ్మిది గళ్ళలో బొమ్మలు పడతాయి. ఒకే బొమ్మ అయిదు గళ్ళకు మించి పడకూడదు. ఆ సాయంత్రం కంప్యూటరు లోపం వల్ల సుమారు రెండు గంటల పాటు వరసగా టిక్కెట్లన్నిటికీ తొమ్మిది గళ్ళలోనూ క్రిస్మస్ చెట్టే పడింది. అంటే ఒక్కొక్కటికి 500 డాలర్ల బహుమతి. మొత్తం లెక్క కోటీ 96 లక్షల డాలర్లు అయింది. మర్నాటి ఏడాది లాటరీ అధికారులు బహుమతి ఇవ్వడం కుదరదని, టిక్కెట్టు డబ్బు మాత్రం వాపసు ఇస్తామని నిర్ణయించారు. ఒక డాలరు పుచ్చుకుని ఇంటికి పొమ్మన్నమాట.

ఇక నా సొంత సంగతి. నేను అకౌంటెంటుగా ఉన్న రోజుల్లో ఒక పెద్దావిడకు కుటుంబ పెన్షన్ లెక్క మా ఆఫీసులో తప్పు పడింది. నాలుగేళ్ళు ఎక్కువ చెల్లించాం. ఆడిట్‌వాళ్ళు పట్టుకున్నారు. నెలనెలా కోత పెట్టాలని నోటు రాసింది నేనే. పొరపాటున సొమ్ము అందుకున్నవారు తిరిగి ఇవ్వాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షను చెబుతుంది. కాబట్టి నేను రాసింది తప్పని అప్పుడు నాకు తోచలేదు. ఆవిడ మనవణ్ణి తోడు తెచ్చుకుని నా బల్ల ముందుకొచ్చి, "లెక్క వేసింది మీరు బాబూ, నేను వేసింది వేలిముద్రే" అన్నది. నేను రూలు చదివి వినిపించాను. ఆవిడ విని వెళ్ళిపోయింది. నేను రిటైరై ఏళ్ళు గడిచినా ఆ మాట మరుపు రాలేదు.

చాలా ఆలస్యంగానైనా ఆ మాటకు మన సుప్రీంకోర్టు జవాబు చెప్పింది. 2014 డిసెంబరు 18న పంజాబ్ రాష్ట్రానికీ రఫీక్ మసీహ్‌కూ మధ్య కేసులో, ఆఫీసు పొరపాటు వల్ల ఎక్కువ చెల్లించినా కొన్ని సందర్భాల్లో వసూలు చేయరాదన్నది. మూడు, నాలుగు తరగతుల ఉద్యోగుల నుంచి, రిటైరైనవారు లేదా ఏడాదిలో రిటైరు కాబోయేవారి నుంచి, అయిదేళ్ళకు మించి సాగిన చెల్లింపుల విషయంలో, పై పోస్టు పని చేయించుకుని ఆ జీతం ఇచ్చినప్పుడు, ఇంకా వసూలు మరీ కఠినంగా ఉండే ఏ సందర్భంలోనైనా వర్తిస్తుందన్నది. కాని 2016లో జగదేవ్ సింగ్ కేసులో అదే కోర్టు, ఎక్కువ వస్తే తిరిగి ఇస్తానని ముందే హామీపత్రం రాసిచ్చిన అధికారి ఆ మాటకు కట్టుబడాలని చెప్పింది. టిక్కెట్టు వెనక చిన్న అక్షరాలు, మూత మీద కోడు, మన హామీపత్రం, మూడూ ఒక కోవలోవే.

రెండూ ఒకటేనని నేననను. పెన్షనరు తిని ఖర్చు పెట్టుకున్న సొమ్మును తిరిగి అడగడం వేరు, ఇంకా చేతికి రాని సొమ్మును ఇమ్మనడం వేరు. లాటరీ డబ్బు ఎవరి ఇంటిదీ కాదు. టిక్కెట్లు కొన్న తక్కిన వేలమందిది, ప్రభుత్వమైతే ప్రజలందరిది. అచ్చుతప్పు పడిన ప్రతి టిక్కెట్టుకూ పూర్తి బహుమతి ఇమ్మంటే, తప్పు చేసినవాడి జేబులోంచి కాదు, పొరుగువాడి జేబులోంచే ఇప్పించినట్టవుతుంది. ఎనిమిది లక్షల మూతలకు పది లక్షలు చొప్పున ఎక్కడినుంచీ రావు.

ఐతే టిక్కెట్టు ఖరీదు తిరిగిచ్చి చేతులు కడుక్కోవడం కూడా న్యాయం కాదు. నా ఉద్దేశం ఇది. మొదట, టిక్కెట్టు చూస్తే కొన్న మనిషికి తప్పు కనిపించే వీలు లేనప్పుడు, అలాంటివి కొద్దిగానే ఉన్నప్పుడు, పూర్తి బహుమతి ఇచ్చేయాలి. నాలుగు టిక్కెట్లకు ఇస్తే ఏ ఖజానా ఖాళీ కాదు. రెండోది, తప్పు వేలల్లో, లక్షల్లో పడితే ఆ డ్రాకు కేటాయించిన బహుమతి సొమ్మంతా వారికి పంచాలి. మిగిలిన సొమ్ము నడిపేవారికి చేరకూడదు. మూడోది, ఏ షరతు మీద బహుమతి ఆగుతుందో అది టిక్కెట్టు ముందువైపు, కొనేవాడి భాషలో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉన్న షరతును ఆధారం చేసుకునే హక్కు అచ్చువేసినవారికి ఇవ్వకూడదు. నాలుగోది, తప్పు జరిగిందని తెలిసిన రోజే ఒప్పుకుని చెప్పాలి. జనం నాలుగు రోజులు ఆశపడి ఎవరికో మాట ఇచ్చేస్తారు.

లాటరీలు ఉండాలా వద్దా అంటే వద్దనే నా ఓటు. మా అటెండరు చేతిలోంచి నెలనెలా పోయిన రూపాయలు నేను చూశాను. కాని నడిపినంతకాలం నడిపేవారు తమ అచ్చుకు తాము పూచీ పడాలి.

సభ్యులకు ఒక మనవి. బ్యాంకులోగాని ట్రెజరీలోగాని హామీపత్రం మీద సంతకం పెట్టేముందు పూర్తిగా చదవండి, నకలు దగ్గర ఉంచుకోండి. పెన్షన్ మొత్తం ఉన్నట్టుండి పెరిగితే సంతోషించి ఊరుకోకుండా ఎందుకు పెరిగిందో కనుక్కోండి. రికవరీ నోటీసు వస్తే భయపడి వెంటనే ఒప్పుకోవద్దు, కాగితాలు తీసుకుని మన సంఘం ఆఫీసుకు రండి, 2014 తీర్పు మీకు వర్తిస్తుందో లేదో కలిసి చూద్దాం. ఆ పెద్దావిడకు నేను చేయలేని పని మరొకరికైనా చేయగలిగితే నాకు కొంత ఋణం తీరుతుంది. నా అభిప్రాయంతో ఏకీభవించని పెద్దలు వచ్చే సంచికలో తప్పక రాయగలరు.