పులికాట్ సమాధి ద్వారం, రాయల చితి: ఒక పునఃపరిశీలన

పులికాట్ డచ్చి సమాధుల గురించి రాసేవాళ్లు 1897లో అలెగ్జాండర్ రే వెలువరించిన గ్రంథంతోనే మొదలుపెడతారు. చాలామంది దాన్ని దాటి ముందుకు పోరు. మద్రాసు ప్రెసిడెన్సీలో డచ్చి ఈస్టిండియా కంపెనీ వదిలిపోయిన కట్టడాల మీద అంత శ్రద్ధగా పటాలు గీయించినవాడు మరొకడు లేడు, ఆ మేరకు ఆయనకు రుణపడి ఉండాల్సిందే. అయితే ఆ రాళ్లను కంపెనీ ఆస్తి పట్టీలో చేర్చింది కూడా ఆయనే. దాంతో అవి ఏ నేల మీద నిలబడ్డాయో అడిగే అవసరం ఎవరికీ లేకుండా పోయింది. డచ్చివాళ్లు వచ్చినప్పుడు ఆ నేల విజయనగర రాయల ఏలుబడిలో ఉండేది. పులికాట్ సరస్సులో ఎక్కువ భాగం నేటికీ సూళ్లూరుపేట, తడ వైపే ఉంది. ఊరు తిరువళ్లూరు జిల్లా లెక్కలోకి పోయినంత మాత్రాన చరిత్రను కూడా సరిహద్దు రాయి దగ్గర కోసేయలేం.

వాదమంతా శ్మశానం ద్వారం గురించి. 1656 నాటిదిగా చెప్పే ఆ ద్వారానికి ఇరువైపులా రెండు అస్థిపంజరాలను చెక్కారు. వాటిలో ఒకదాని తలపై ఇసుక గడియారం ఉంటుంది. యూరోపులో అది మామూలు అలంకారమే కదా అని రే మార్గంలో నడిచేవాళ్లు తేల్చేస్తారు. నాకు మాత్రం ఆ ద్వారం ముందు నిలబడితే ఆమ్‌స్టర్‌డామ్ కాదు, రాయల చితి గుర్తుకొస్తుంది.

డచ్చివాళ్లకు ఇక్కడ వ్యాపారం చేసుకొమ్మని 1610లో అనుమతి ఇచ్చింది రెండవ వెంకటపతి రాయలు. రేవు మీద అజమాయిషీ రాణివాసానిది. 1612లో శాంథోము పోర్చుగీసువాళ్లు వచ్చి డచ్చి కొఠీని ధ్వంసం చేస్తే, మరుసటి ఏడు గెల్డ్రియా కోట లేచింది. అది లేచిన ఏడాదికే, 1614 అక్టోబరులో, రాయలు కన్నుమూశాడు. ఆ తర్వాత జరిగినదాన్ని జెస్యూట్ పాదిరీ బర్రాదాస్ 1616లో కొచ్చి నుంచి రాసిన లేఖలో చూడవచ్చు. రాజును ఆయన తోటలోనే గంధపు చెక్కలతో దహనం చేశారు. ముగ్గురు రాణులు అదే చితి ఎక్కారు. చనిపోయే ముందు ఉంగరమిచ్చి వారసుడిగా నిలిపిన శ్రీరంగరాయలు నాలుగు నెలలైనా కుదురుగా కూర్చోలేదు. గొబ్బూరి జగ్గరాయడనే సర్దారు అతణ్ని చెరలో పెట్టి, కుటుంబంతో సహా అంతం చేయించాడు. మిగిలింది ఒక్క కొడుకు. శ్రీరంగరాయల వైపు నిలిచిన వెలుగోటి యాచమ నాయకుడి తరఫున ఒక చాకలి ఆ పిల్లవాణ్ని బట్టల మూటలో పెట్టి బయటికి దాటించాడు. తిరుమలలో రాగి ప్రతిమగా నేటికీ చేతులు జోడించి నిలుచున్న రాయల వంశం ఆ రోజు బతికి బట్టకట్టిందంటే ఆ మూట పుణ్యమే. జగ్గరాయడూ ఎక్కువ కాలం మిగల్లేదు. తోపూరు యుద్ధంలో యాచమ నాయకుడి చేతిలో పోయాడు.

ఈ వార్తలన్నీ కోటలో కూర్చున్న డచ్చి వర్తకులకు చేరకుండా ఉంటాయా? ఎవరి సంతకం మీద తమ వ్యాపారం నిలబడిందో ఆ మనిషే బూడిదయ్యాడు. కౌలు కాగితం విలువ ఎంతో వాళ్లు తెలుసుకున్నది అప్పుడే అంటాను.

ఇంకా బలమైన ఆధారం అబ్రహాం రొజీరియస్ దగ్గర ఉంది. 1632 నుంచి పదేళ్లు పులికాట్‌లో క్రైస్తవ బోధకుడిగా ఉన్న ఈయనకు పద్మనాభుడనే బ్రాహ్మణుడు మన మతాచారాలన్నీ విడమరిచి చెప్పాడు. ఇద్దరికీ మధ్య నడిచిన భాష పోర్చుగీసు. పద్మనాభుడు చెప్పినవాటిలో భర్తృహరి శతకాలూ ఉన్నాయి. నీతి చెప్పాడు, వైరాగ్యం చెప్పాడు. శృంగారం మాత్రం దాటేశాడు. (దొర ముందు సిగ్గుపడ్డాడో, పాదిరీ మీద జాలిపడ్డాడో!) రొజీరియస్ 1649లో చనిపోయాక ఈ విషయాలతో ఆయన రాసిన పుస్తకం 1651లో లైడెన్‌లో అచ్చయింది. సంస్కృత కవిత్వం యూరోపు భాషలోకి వెళ్లిన తొలి సందర్భాల్లో ఇదొకటి. లక్ష్మణకవి తెలుగు అనువాదం ఇంకా పుట్టని రోజుల్లోనే భర్తృహరి పులికాట్ ఉప్పుగాలిలో డచ్చి వేషం కట్టాడు. పోయే సిరిని, రాలే వయసును, కాలం మింగే రాజులను గురించి ఆ కోటలో చర్చ జరిగింది. బోధకుడు వెళ్లిన పద్నాలుగేళ్లకు అదే ఊళ్లో ద్వారం మీద అస్థిపంజరాలు లేచాయి.

హాలండ్ చర్చిల్లోనూ ఇలాంటి ఎముకలు, ఇసుక గడియారాలు కావలసినన్ని ఉన్నాయన్న మాట నిజమే. కానీ ఆ బొమ్మ ఇక్కడ వాకిలిని పట్టుకుని ఎందుకు నిలబడిందన్నదే ప్రశ్న. నా దృష్టిలో ఇది పద్మనాభుడి పాఠం రాతికెక్కిన రూపం. ఈ సీమకు ఈ పాఠం కొత్తది కాదు. పులికాట్‌కు ఎంతో దూరం లేని కాళహస్తిలో, డచ్చి ఓడలు రాకముందే, రాజుల కొలువును ఈసడించి శివుణ్ని ఆశ్రయించిన కవి ధూర్జటి ఉన్నాడు. ధూర్జటి, రాయల చితి, పద్మనాభుడు, ఈ ద్వారం: ఇవన్నీ ఒకే వరుస. డచ్చివాళ్లు మన వైరాగ్యాన్నే చెక్కించుకున్నారని అనడానికి నేను వెనుకాడను.

అయితే ఆ వైరాగ్యం లోపల పడుకున్నవాళ్ల చేతి లెక్కలను ఏమీ మార్చలేదు. 1690లో కంపెనీ కేంద్రం నాగపట్నానికి తరలేదాకా పులికాట్‌లో నూలుబట్టతోపాటు మనుషుల బేరమూ సాగింది. కరువు వచ్చినప్పుడల్లా తమను తాము అమ్ముకున్నవాళ్లను, దళారులు పట్టి తెచ్చినవాళ్లను వేల సంఖ్యలో బటావియా ఓడలెక్కించారు. కంపెనీ అధికారులకు పేర్లు, బిరుదులు, తేదీలతో నల్లరాతి పలకలు దక్కాయి. రే వాటిని ఒక్కొక్కటిగా గ్రంథానికెక్కించాడు. ఓడలెక్కినవాళ్లకు సరస్సు ఒడ్డున పలక లేదు, రే గ్రంథంలో పుట లేదు. పులికాట్ మరణాల గురించి ఇకమీదట రాసేవాళ్లు సమాధి రాళ్లను పక్కనపెట్టి ముందు బటావియా ఓడల పద్దులు తెరవాలి.