పారిశ్రామిక ప్రమాదాల్లో గాయపడిన కార్మికుల పరిహార హక్కులు: తోట్లవల్లూరు పరిసరాలు

పని చేస్తుండగా, ఆ పని కారణంగానే జరిగిన ప్రమాదంలో గాయపడిన కార్మికుడికి లేదా మరణించిన కార్మికుడిపై ఆధారపడిన కుటుంబానికి యజమాని నుంచి గాని, బీమా సంస్థ నుంచి గాని చట్టరీత్యా రావలసిన సొమ్మును పని ప్రమాద పరిహారం అంటారు. కృష్ణా నది ఒడ్డున ఉయ్యూరుకు చేరువలో ఉన్న తోట్లవల్లూరు మండలాన్ని పారిశ్రామిక ప్రాంతమని సాధారణంగా ఎవరూ అనరు. లంక భూముల్లో చెరకు, పసుపు, అరటి ప్రధానమైన ఈ మండలంలో యంత్రాలతో పనంటే ఎక్కువగా చెరకు గానుగలు, రైస్ మిల్లులు, ట్రాక్టర్లు, వీటికి తోడు ఉయ్యూరు చక్కెర కర్మాగారం. ఇంత చిన్న చోట్ల పనిచేసేవారికి కార్మిక చట్టాలు వర్తించవన్న అభిప్రాయం పల్లెల్లో వినిపిస్తుంది గాని, పరిహార చట్టం విషయంలో అది సరికాదు.

ఈ రంగంలో 2025 నవంబరు 21న కొత్త స్మృతి అమల్లోకి వచ్చేవరకు మూలచట్టం కార్మిక పరిహార చట్టం; కింది నియమాలు దాని ప్రకారం ఇచ్చినవే. దీని కాలం గురించి పుస్తకాల్లో 1923 అనీ, 1924 అనీ రెండు విధాలుగా కనిపిస్తుంది. 1923 మార్చి 5న చట్టం రూపొందగా 1924 జులై 1న అమల్లోకి వచ్చింది కనుక రెండింటికీ ఆధారం ఉన్నా, చట్టం పేరులోనే ఉన్న 1923ను వాడడం మేలు. అంతకుముందున్న 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం మరణాలకే పరిమితం, అందులోనూ యజమాని నిర్లక్ష్యాన్ని రుజువు చేయడం కార్మికుడి కుటుంబం మీదే ఉండేది. 1923 చట్టం ఆ భారాన్ని తొలగించింది. తప్పు ఎవరిదన్న ప్రశ్నతో నిమిత్తం లేకుండా, పనికీ గాయానికీ సంబంధం ఉంటే చాలు, యజమాని చెల్లించవలసిందే. మత్తులో ఉండడం, రక్షణ కవచాన్ని కావాలని తొలగించడం వంటి కొన్ని మినహాయింపులు ఉన్నప్పటికీ, మరణం లేదా శాశ్వత సంపూర్ణ వైకల్యం కలిగిన సందర్భాల్లో యజమాని వాటిని అడ్డుపెట్టుకోలేడు. 2010 జనవరి 18 నుంచి దీని పేరు ఉద్యోగుల పరిహార చట్టంగా మారింది.

పరిహారం లెక్క మూడు అంశాలపై ఆధారపడుతుంది: నెల వేతనం, వయసును బట్టి చట్టం షెడ్యూలులో ఇచ్చిన గుణకం, వైకల్య శాతం. మరణిస్తే వేతనంలో సగాన్ని, శాశ్వత సంపూర్ణ వైకల్యమైతే 60 శాతాన్ని ఆ గుణకంతో హెచ్చిస్తారు. లెక్కకు తీసుకునే వేతనానికి 2020 జనవరి 3 నుంచి గరిష్ఠ పరిమితి రూ.15,000. ఉదాహరణకు ఆ వేతనం పొందే 30 ఏళ్ల కార్మికుడి గుణకం 207.98 కనుక, సంపూర్ణ వైకల్యానికి రూ.18,71,820 వస్తుంది. గానుగ రోలర్ల మధ్య చెయ్యి పడి బొటనవేలు పూర్తిగా పోతే షెడ్యూలు ప్రకారం 30 శాతం నష్టం, అంటే రూ.5,61,546. అయితే షెడ్యూలులోని శాతం కనీస స్థాయే తప్ప, ఆ పైన ఇవ్వకూడదన్న హద్దు కాదన్న అభిప్రాయమే బలమైనది. ఎడమచెయ్యి మోచేతి పైభాగం నుంచి పోయిన వడ్రంగి కేసులో 1975లో సుప్రీంకోర్టు, ఒంటిచేత్తో వడ్రంగం సాగదు గనుక సంపాదన శక్తి నూరు శాతం పోయినట్లేనని చెప్పింది. బస్తాలు మోసే ముఠా హమాలీకి భుజం పనిచేయకపోతే ఈ తీర్పు ఎంతో ఉపయోగపడుతుంది. తాత్కాలిక వైకల్యానికి వేతనంలో 25 శాతం చొప్పున పదిహేను రోజులకొకసారి చెల్లింపులు, గరిష్ఠంగా అయిదేళ్ల వరకు ఉంటాయి. చికిత్సకు నిజంగా అయిన ఖర్చును యజమాని విడిగా భరించాలి.

వడ్డీ ఎప్పటి నుంచి లెక్కించాలన్న విషయంలో తీర్పులు చాలాకాలం పరస్పర విరుద్ధంగా ఉన్నాయి. పరిహార దరఖాస్తులను విచారించే కమిషనర్ ఉత్తర్వు వెలువడిన తేదీ నుంచేనన్న వాదన 2007లో ఒక తీర్పుతో బలపడింది గాని, ప్రమాదం జరిగిన రోజునే పరిహారం బాకీ పడుతుందన్న, వడ్రంగి కేసులోని 1975 నాటి సూత్రాన్నే 2012లో సుప్రీంకోర్టు తిరిగి నిలబెట్టింది. నెలరోజుల్లో చెల్లించకపోతే 12 శాతం వడ్డీ, తగిన కారణం లేని ఆలస్యమైతే పరిహారంలో 50 శాతం వరకు అపరాధ రుసుము పడుతుంది. వడ్డీ బీమా సంస్థ భరించవలసి రావచ్చు గాని, అపరాధ రుసుము మాత్రం యజమానిదేనని 1997 తీర్పు సారాంశం.

దినకూలీల విషయంలో 2000 సంవత్సరపు సవరణ కీలకమైనది. అప్పటివరకు ‘అప్పుడప్పుడు పిలిపించుకునే’ కూలీలను నిర్వచనం నుంచి తప్పించే వీలుండేది, సవరణ ఆ మాటలను తొలగించింది. మేస్త్రి ద్వారా వచ్చిన కూలీకి మేస్త్రే బాధ్యుడని మిల్లు యజమాని తప్పుకోలేడు. అసలు యజమాని ముందుగా చెల్లించి, ఆ తర్వాత కాంట్రాక్టర్ నుంచి రాబట్టుకోవాలి. ట్రాక్టర్లతోనో, విద్యుత్తు లేదా ఇతర యాంత్రిక శక్తితో నడిచే సాధనాలతోనో సాగే వ్యవసాయ పనులు కూడా, చట్టం వర్తించే పనుల జాబితా అయిన రెండో షెడ్యూలులో ఉన్నాయి.

పదిమంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థల్లో రూ.21,000 వరకు వేతనం పొందేవారు ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్ఐ) పరిధిలోకి వస్తారు. వీరు 1923 చట్టం కింద పరిహారం కోరలేరు. దానికి బదులుగా వేతనంలో సుమారు 90 శాతం వైకల్య భృతి, శాశ్వత నష్టమైతే జీవితాంతం నెలనెలా చెల్లింపు లభిస్తాయి. పని ప్రమాదానికి కనీస చందా కాలమంటూ ఏదీ లేదు కనుక చేరిన మొదటిరోజు జరిగిన ప్రమాదానికైనా ఇది వర్తిస్తుంది.

చెరకు ట్రాక్టర్ బోల్తాపడి కూలీ గాయపడితే మరో దారి తెరుచుకుంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైబ్యునల్‌కు గాని, 1923 చట్టం ప్రకారం కమిషనర్‌కు గాని దరఖాస్తు చేయవచ్చు. రెండూ కుదరవు, ఎంచుకున్నాక వెనక్కి రావడం కష్టం. ట్రైబ్యునల్‌లో మొత్తం ఎక్కువ రావచ్చు గాని సాధారణంగా డ్రైవర్ నిర్లక్ష్యాన్ని రుజువు చేయాలి.

1923 చట్టం కింద దరఖాస్తును ప్రమాదం జరిగిన రెండేళ్లలోగా, కమిషనర్ అధికారాలున్న కార్మిక శాఖ అధికారి ముందు వేయాలి. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం ఆయనకుంది. ప్రమాదం జరిగిన చోటే కాక కార్మికుడు లేదా అతని కుటుంబం నివసించే చోట కూడా దాఖలు చేయవచ్చు. 2022 ఏప్రిల్ 13 రాత్రి ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెం రసాయన కర్మాగారంలో జరిగిన అగ్నిప్రమాదంలో ఆరుగురు మరణించినట్లు అప్పటి వార్తలు తెలిపాయి. వారిలో పలువురు బీహార్ నుంచి వచ్చినవారు, వారి కుటుంబాలకు ఈ నిబంధన విలువైనది. ఆ సందర్భంలో ప్రభుత్వం మృతుల కుటుంబాలకు ప్రకటించిన రూ.25 లక్షలు ఎక్స్‌గ్రేషియా, అంటే దయతో ఇచ్చే సాయం, చట్టబద్ధమైన పరిహారానికి బదులు కాదు.

ఈ తేడా తెలియకపోవడం వల్లనే పేద కుటుంబాలు ఎక్కువగా నష్టపోతున్నాయి. పెద్దమనుషుల సమక్షంలో కొంత సొమ్ము ఇచ్చి, ఇక ఏ హక్కూ లేదని తెల్లకాగితం మీద సంతకం తీసుకోవడం చాలాచోట్ల అలవాటు. 1923 చట్టం 17వ సెక్షన్ ప్రకారం హక్కును వదులుకునే ఒప్పందం ఏదైనా చెల్లదు. మరణ పరిహారాన్ని కమిషనర్ వద్ద జమ చేయవలసిందే తప్ప, నేరుగా ఇచ్చినదాన్ని, మూడు నెలల వేతనానికి మించని ముందస్తు సాయం మినహా, చట్టం పరిహారంగా లెక్కించదు. కనుక అలాంటి రాజీ జరిగిన తర్వాత కూడా దరఖాస్తుకు తలుపులు తెరిచే ఉంటాయి. స్త్రీలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, పారిశ్రామిక కార్మికులు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు.

2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా స్మృతి అమల్లోకి వచ్చి పాత చట్టాల స్థానాన్ని తీసుకుంది. ప్రధాన సూత్రాలను అది చాలావరకు అలాగే ఉంచినా, ఇంటి నుంచి పనికి వెళ్లి వచ్చే దారిలో జరిగే ప్రమాదాన్ని, పనితో సంబంధం తేలితే, పని ప్రమాదంగానే పరిగణించింది. దాదాపు ఇదే భావాన్ని అదే సంవత్సరం జులైలో సుప్రీంకోర్టు పాత చట్టం కింద కూడా అంగీకరించింది. ఆ కేసులో మరణించినది 2003లో తెల్లవారుజామున మోటారు సైకిల్‌పై డ్యూటీకి వెళ్తున్న మహారాష్ట్ర చక్కెర కర్మాగారం కాపలాదారు.