ట్రాక్టర్ వచ్చాక గుర్రాలు ఏమైపోయాయి? ఒక పాత సినిమా చెప్పిన సంగతి



ఈసారి ఒక పాత హాలీవుడ్ సినిమా గురించి రాస్తున్నాను. మనకెందుకండీ ఆ గోల అని పక్కకు నెట్టేయకండి. ఇందులో ఉన్నది పశువుల సంగతి, గడ్డి సంగతి, బతుకుతెరువు సంగతి. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

సినిమా పేరు ‘ది మిస్‌ఫిట్స్’. 1961 ఫిబ్రవరిలో వచ్చింది. నలుపు తెలుపు బొమ్మ. క్లార్క్ గేబుల్, మార్లిన్ మన్రో జంట. దర్శకుడు జాన్ హ్యూస్టన్. కథ రాసింది ఆర్థర్ మిల్లర్. ఈయన 1956లో మొదటి భార్యతో విడాకుల కోసం నెవాడా రాష్ట్రానికి వెళ్ళాడు. అక్కడ ఆరు వారాలు కాపురముంటే చాలు, కోర్టు విడాకులిచ్చేది. ఆ రోజుల్లోనే అడవి గుర్రాలు పట్టి అమ్ముకునే మనుషులతో పరిచయమైంది. ముందు చిన్న కథ రాశాడు. తర్వాత భార్య మన్రో కోసం దాన్నే సినిమా చేశాడు.

కథేమిటంటే, విడాకుల కోసం నెవాడా వచ్చిన రోజ్లిన్ అనే అమ్మాయికి, గే అనే వయసు మళ్ళిన కౌబాయ్‌కి మనసు కలుస్తుంది. ఊరి బయట సగం కట్టి వదిలేసిన ఇంట్లో కాపురం పెడతారు. పెరట్లో కూరమడి వేస్తారు. కుందేళ్ళొచ్చి ఆకు తినేస్తుంటే అతను తుపాకి తీస్తాడు, ఆమె వద్దంటుంది. చూడండి, ఇదంతా మన ఇళ్ళలో జరిగే గొడవే! పంట కాపాడాలంటాడు ఒకరు, ప్రాణి పోతుందంటారు ఇంకొకరు.

అసలు గొడవ తర్వాత వస్తుంది. గే, ఇంకో ఇద్దరు స్నేహితులు కలిసి గుర్రాల వేటకు పోతారు. ఒకడు పాత విమానంతో కొండల్లోంచి గుర్రాల్ని ఎండిపోయిన చెరువు మైదానంలోకి తోలుతాడు. కింద ట్రక్కు మీద మిగతావాళ్ళు వెంటపడి తాడు విసురుతారు. తాడు రెండో కొసకు లారీ టైరు కట్టి ఉంటుంది. గుర్రం దాన్ని ఈడ్చుకుంటూ పరిగెత్తి పరిగెత్తి అలిసిపోతుంది. అప్పుడు కాళ్ళు కట్టి పడేస్తారు. ఇంత చేసి దొరికింది ఆరు. ఒక మగ గుర్రం, నాలుగు ఆడవి, ఒక పిల్ల. పౌనుకు ఆరు సెంట్లు. ఎందుకు కొంటారంటే, కుక్కల మేత డబ్బాల్లో కూరడానికి!

రోజ్లిన్ ఆ మైదానంలో నిలబడి ఆ ముగ్గురినీ చూసి గుండెలు పగిలేలా అరుస్తుంది. గే వాదన కూడా తీసిపారేసేది కాదు. ఒకప్పుడు ఇదే పని స్వారీ కోసం, పిల్లల గుర్రాల కోసం చేశాను, నా పని మారలేదు, లోకం మారిందంటాడు. ఒకడి కింద కూలికి పోవడం కంటే ఇదే మేలంటాడు. చివరికి కుర్రవాడైన స్నేహితుడు గుర్రాల్ని వదిలేస్తే, గే ఒంటరిగా ఆ మగ గుర్రంతో పెనుగులాడి మళ్ళీ కట్టి, ఆ తర్వాత తానే తాడు కోసేస్తాడు. ఒకరు చెబితే వదలడు, తనకై తాను వదిలాడు. రైతు మొండితనం కూడా అచ్చం అలాంటిదే కదా!

ఇది గేబుల్‌కి ఆఖరి సినిమా. షూటింగ్ అయిన రెండు వారాల లోపే, 1960 నవంబర్ 16న గుండెపోటుతో పోయాడు. మన్రో పూర్తిచేసిన ఆఖరి సినిమా కూడా ఇదే.

ఇక చరిత్రలోకి వద్దాం. అమెరికాలో తొలినాటి గుర్రాలు సుమారు పదివేల ఏళ్ళ కిందటే అంతరించాయి. మళ్ళీ వాటిని 1500ల్లో స్పెయిన్ వాళ్ళు ఓడల్లో తెచ్చారు. తప్పించుకున్నవి, రైతులు వదిలేసినవి కలిసి అడవి మందలయ్యాయి. వాటినే మస్టాంగ్‌లంటారు. ఆ స్పానిష్ మాటకు అర్థం దిక్కులేనిది, ఎవరిదీ కానిది అని.

1915 ప్రాంతంలో ఆ దేశంలో గుర్రాలు, కంచర గాడిదలు కలిపి సుమారు 2 కోట్ల 60 లక్షలు. అరకలు, బళ్ళు, రవాణా అన్నీ వాటి మీదే. ట్రాక్టరు, మోటారు వచ్చాయి. 1960 నాటికి మిగిలినవి 30 లక్షలు. అక్కడి పడమటి బీళ్ళు ఎక్కువ శాతం ప్రభుత్వానివి. 1934 చట్టంతో ఆ బీళ్ళలో మేతకు పర్మిట్లొచ్చాయి. డబ్బు కట్టి ఆవుల్ని, గొర్రెల్ని మేపేవాడికి పర్మిట్ లేని గుర్రం దొంగమేతగానే కనిపించింది. వేలకు వేలు కబేళాలకు పోయాయి.

1950లో వెల్మా జాన్‌స్టన్ అనే ఆవిడ, రీనో పట్నంలో ఇన్సూరెన్స్ ఆఫీసు సెక్రటరీ, ముందు పోతున్న ట్రక్కులోంచి రక్తం కారడం చూసింది. వెంబడించి పోతే అది కబేళాకు పోతున్న గుర్రాల ట్రక్కు. ఆవిడకు చిన్నప్పుడే పోలియో. అయినా వదల్లేదు. ఎగతాళిగా ‘అడవి గుర్రాల అనీ’ అంటే ఆ పేరే పెట్టుకుంది. దేశమంతా బడిపిల్లల చేత ఉత్తరాలు రాయించింది. 1959లో ప్రభుత్వ భూముల్లో విమానాలతో, మోటారు బళ్ళతో అడవి గుర్రాల్ని వేటాడకూడదని చట్టమొచ్చింది. అంటే సినిమా తీసేనాటికే ఆ వేట నేరం. 1971లో వాటికి పూర్తి రక్షణ ఇచ్చే చట్టమూ వచ్చింది.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. వేట ఆగితే మందలు పెరిగాయి. ఆ బీళ్ళు సుమారు 26 వేలను మోయగలవని ప్రభుత్వ లెక్క. ఈమధ్య ఏళ్ళలో గుర్రాలు, గాడిదలు కలిపి 70 వేలకు పైనే ఉన్నాయి. పట్టి దొడ్లలో, అద్దె పచ్చికల్లో సర్కారు ఖర్చుతో మేపుతున్నవి ఇంకో 60 వేల దాకా. గుర్రాన్ని ప్రేమించేవాళ్ళకూ కోపమే, ఆవుల రైతులకూ కోపమే. చట్టం కబేళాను ఆపగలిగింది గానీ గడ్డిని పెంచలేదు కదండీ.

మన ఊళ్ళలో ట్రాక్టరొచ్చి ఎడ్లు పోయాయి. కోడెదూడ పుడితే సంతోషించే ఇల్లు ఎన్ని ఉన్నాయో మీరే లెక్కేసుకోండి. యంత్రం కొనేటప్పుడు డీజిల్ లెక్క, కిస్తీ లెక్క చూస్తాం. కొట్టంలో ఉన్న జీవం ఎటుపోవాలన్న లెక్క ఎవరూ వెయ్యరు. అమెరికావాళ్ళు ఆ లెక్క వెయ్యకుండా వదిలేసి వందేళ్ళయింది, ఇప్పటికీ బాకీ కడుతూనే ఉన్నారు.

మీ ఇంట్లో ఆఖరి జత ఎడ్లు ఎప్పుడు పోయాయి, ఎక్కడికి పోయాయి? గుర్తుంటే కింద రాయండి. మన ఊళ్ళ చరిత్ర కూడా ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.