అభ్యంగము - సంవాహనము : శాస్త్రనామములు, తెలుఁగు పలుకులు

తల యంటుట, నలుగు పెట్టుట, కాళ్లొత్తుట, ఒడలు పిసుకుట, వీపు తొక్కుట అను పనులన్నియు నేఁడు మర్దనమను నొక్క మాటలోఁ గాని, మసాజను పరభాషాపదములోఁ గాని యడఁగిపోవుచున్నవి. పేరొక్కటియైనంత మాత్రమునఁ బని యొక్కటి కానేరదు. ప్రాచీనవైద్యులు వీనిని వేఱువేఱు కర్మములుగా నెన్ని, యొక్కొక్కదానికి వేఱు ఫలమును, కొన్నింటికి వేఱు నిషేధమును జెప్పియున్నారు. ఆ భేదమును సంస్కృతగ్రంథములు నిలిపినట్లే మన యిండ్లలోని తెలుఁగు పలుకులును నిలిపినవని చూపుట యీ వ్యాసమున కుద్దేశము.

ముందుగా నభ్యంగమును జూతము. చరకసంహిత సూత్రస్థానము 5వ యధ్యాయమున దీనికి మూఁడు దృష్టాంతము లున్నవి. చమురు పట్టిన కుండయు, చమురు పట్టిన తోలును, కందెన వేసిన బండియిరుసును ఎట్లు గట్టిపడి రాపిడి కోర్చునో, యట్లే యభ్యంగము చేసికొన్న దేహమును దృఢమై శ్రమమున కోర్చునని యచటి భావము. దానికిఁ జూపిన హేతువు మఱింత గమనింపఁదగినది. స్పర్శేంద్రియమున వాయు వధికము. స్పర్శకుఁ జర్మ మాశ్రయము. చర్మమున కభ్యంగము పరమహితము. కావున దానిని నిత్యము సేవింపవలయును. వాగ్భటుఁడు నష్టాంగహృదయము దినచర్యాధ్యాయమున నభ్యంగము ముదిమిని, బడలికను, వాతమును బోఁగొట్టి, దృష్టికిఁ బ్రసన్నతను, దేహమునకుఁ బుష్టిని, మంచి నిద్రను గలిగించునని చెప్పి, తలను, చెవులను, పాదములను విశేషించి పేర్కొనెను. తెలుఁగున దీనికి ‘తలంటు’ అని పేరు. అంటుట యనఁగాఁ దాఁకుటయు నగును, నూనె పట్టించుటయు నగును. స్పర్శమును మొదటఁ బెట్టుకొని చరకుఁడు నడపిన విచారమునకు మన మాట యెంత చేరువగా నున్నదో చదువరులే చూడఁగలరు.

రెండవది యుద్వర్తనము. ఇది కఫమును హరించి, మేదస్సును గరఁగించి, యవయవములకు స్థైర్యమును, జర్మమునకుఁ బ్రసన్నతను గలిగించునని వాగ్భటుని మతము. సుశ్రుతసంహిత చికిత్సాస్థానము 24వ యధ్యాయమున దీనితోఁ గూడ నుత్సాదనము, ఉద్ఘర్షణము అను మఱి రెండు పేళ్లు వచ్చినవి. వ్యాఖ్యాతయైన డల్హణుఁడు చమురు గలిపిన ముద్దతో రుద్దుట యుత్సాదనమనియు, చమురు లేని పొడితో రుద్దుట యుద్ఘర్షణమనియు వేఱుచేసి చెప్పెను. మన ‘నలుగు’ ఈ వర్గములోనిదే. సెనగపిండినో, పెసరపిండినో, పసుపు గలిపిన సున్నిపిండినో తడిపి, యదివఱకే నూనె పట్టిన యొడలికిఁ బూసి రుద్దుదురు. పిండితోఁ గూడ మిగిలిన నూనెయు, మట్టియు రాలిపోవును. పెండ్లినాఁడు వధూవరులకుఁ బాటలతో నలుగు పెట్టుట మంగళాచారమై నిలిచినది. పురిటియింటఁ జంటిబిడ్డకు నలుగు పెట్టుట యారోగ్యాచారమై నిలిచినది.

మూఁడవది సంవాహనము. దీనికిఁ జమురుతోఁ బనిలేదు. చేతితో నొత్తుటయు, బిసుకుటయు, బట్టుటయు దీని స్వరూపము. ఇది మనస్సునకుఁ బ్రీతిని, నిద్రను గలిగించి, కఫవాతములను, శ్రమమును బోఁగొట్టి, మాంసమునకు, రక్తమునకు, చర్మమునకుఁ బ్రసాదమును జేకూర్చునని సుశ్రుతసంహిత చెప్పుచున్నది. వ్యాయామము చేసినపిదప దేహమంతయు సుఖముగా మర్దింపవలెనని యా యధ్యాయమే విధించినది. ‘కాళ్లు పట్టుట’, ‘ఒడలు పట్టుట’ అను మన వాడుక దీనికే చెల్లును. కాళ్లకు నూనె రాయుమనుటకును, కాళ్లు పట్టుమనుటకును గల భేదము తెలుఁగు బాలునికిఁ గూడఁ దెలియును.

ఇఁక నొక చిక్కు కలదు. వాత్స్యాయనుఁడు కామసూత్రమునఁ జెప్పిన 64 కళలలో నుత్సాదన సంవాహన కేశమర్దనములందలి నేర్పు నొక కళ. దానిని వివరించుచు జయమంగళావ్యాఖ్య కాళ్లతోఁ జేయు మర్దనము నుత్సాదనమనియు, చేతులతోఁ దలకుఁ జేయునది కేశమర్దనమనియు, తక్కిన యవయవములకుఁ జేయునది సంవాహనమనియు విభజించినది. కావున నుత్సాదనమను నొక్క శబ్దమే వైద్యవ్యాఖ్యలోఁ జమురుముద్దతో రుద్దుటకును, కళావ్యాఖ్యలోఁ గాళ్లతోఁ దొక్కుటకును బేరైనది. ఈ భేద మెఱుఁగక యొక గ్రంథములోని ఫలమును వేఱొక గ్రంథములోని క్రియకు ముడివెట్టినచో నర్థము చెడును. తెలుఁగున నీ చిక్కు లేదు. ముద్దతోఁ జేయునది నలుగు, కాళ్లతోఁ జేయునది తొక్కుడు. పొలము నుండి వచ్చిన పెద్దలు బోరగిలఁబడి పిల్లలచేత వీపు తొక్కించుకొనుట మన పల్లెలలో నెఱుఁగనివారు లేరు. కేరళమునఁ గళరివిద్యతోఁ గూడి వచ్చిన చవిట్టి ఉఴిచ్చిల్ ఈ జాతిలోనిదే. మర్దకుఁడు పైనుండి వ్రేలాడు త్రాటిని బట్టుకొని, క్రింద నూనెతోఁ బరుండినవానిని బాదములతో నొత్తును.

శాస్త్రములోని క్రమ మాచరణమున నున్నదా యను ప్రశ్నకుఁ దెలుఁగుదేశ చరిత్రమే యొక సాక్ష్య మిచ్చుచున్నది. సుమారు 1520-22 ప్రాంతమున విజయనగరమును జూచిన పోర్చుగీసు యాత్రికుఁడు డొమింగో పాయిస్ కృష్ణదేవరాయల ప్రాతఃకాలచర్యను వ్రాసియుంచెను. తెల్లవాఱక మునుపే రాయలు నువ్వులనూనెను ద్రావి, యొడలెల్ల నా నూనెనే పట్టించుకొని, మొలకుఁ జిన్నవస్త్రమును బిగించి, చేతులతో గొప్ప బరువులెత్తి, పిమ్మట నూనె చెమటగా వెడలు వఱకుఁ గత్తిసాము చేసి, తన మల్లులలో నొకనితోఁ బెనఁగెడివాఁడట. అటుపై గుఱ్ఱపుస్వారి, ఆ తరువాత స్నానము. వాగ్భటుఁడు చెప్పిన వరుస యభ్యంగము, వ్యాయామము, మర్దనము, ఉద్వర్తనము, స్నానము. పాయిస్ నలుగును బేర్కొనలేదు. నూనె త్రాగుట దినచర్యాక్రమములోనిది కాదు. అయినను నభ్యంగము ముందు, వ్యాయామము తరువాత, స్నానము చివర నను మూలక్రమము రెంటను సమానము. పాయిస్ వైద్యశాస్త్రమును వివరింపఁ బూనినవాఁడు కాఁడు, చూచినది విన్నది వ్రాసినవాఁడు. కాఁబట్టియే యీ సామ్యమునకు విలువ యధికము.

అంతకుఁ బూర్వము కల్యాణి చాళుక్యుఁడైన మూఁడవ సోమేశ్వరుఁడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమునఁ బాదాభ్యంగము రాజోపభోగములలో నొకటిగాఁ జెప్పఁబడినది. అయిన రాజు లీ సుఖమును నిశ్చింతగా ననుభవించిరని తలఁపరాదు. కౌటిల్యుని యర్థశాస్త్రము మొదటి యధికరణమున స్నానము చేయించువారిని, సంవాహకులను విషప్రయోగమునకు వినియోగింపఁదగిన గూఢచారులలోఁ జేర్చినది. ఆ యధికరణమందే యాత్మరక్షణప్రకరణమున రాజునకుఁ బూయు ద్రవ్యములను బరిచారికలు ముందుగాఁ దమ ఱొమ్ముపైనను, భుజములపైనను బూసికొని చూపవలయునని విధించినది. దేహము నంటు చేతి యందెంత విశ్వాసము కావలెనో యింతకంటెఁ జక్కఁగాఁ జెప్పుట కష్టము.

ఆ చేతి చరిత్రమును గ్రంథములు మిక్కిలి తక్కువగాఁ జెప్పినవి. మృచ్ఛకటికము రెండవయంకములోని సంవాహకుఁ డొక యపూర్వమైన పాత్ర. పాటలీపుత్రమునఁ బుట్టి, యుజ్జయినికి వచ్చి, కళగా నేర్చిన సంవాహనమే జీవనోపాయము కాఁగాఁ జారుదత్తుని గొలిచి, యతఁడు నిర్ధనుఁడైన పిదప జూదమునఁ బడి, వసంతసేన తన ఋణమును దీర్పఁగా శ్రమణుఁడై, తుదకామె ప్రాణము నిలుపును. కళ యనిన గౌరవము, జీవిక యనిన లోకువ: ఈ రెంటి నడుమ నాతని బ్రదుకు నడచినది. మన దేశమునను బురిటియింట నీ పని చేసిన మంత్రసానులకును, ఊరివారి యొడలు పట్టి నొప్పులు మాన్పిన మంగలులకును నదే గతి పట్టినది. క్రియను బొగడిన పుస్తకములు వారి పేళ్లను వ్రాయలేదు. దీనికి భిన్నముగా, 1759లోఁ బాట్నాలోఁ బుట్టిన షేక్ దీన్ మహమ్మదు ఇంగ్లండులోని బ్రైటను పట్టణమున నీ విద్యతోఁ బ్రసిద్ధుఁడై, 1822లో దీనినిగూర్చి గ్రంథమును బ్రకటించి, యిరువురు రాజులకు మర్దనవైద్యుఁడుగా నియమింపఁబడి, 1851లో మరణించెను. ఒత్తుటను దెలుపు హిందీ ధాతువు నుండి పుట్టిన ‘షాంపూ’ శబ్దము నాఁడు మర్దనమునకే పేరు. తల కడుగుకొను ద్రవ్యమునకు వాడుట తరువాతి మాట.

ఫలముల విషయమున నేఁటి పరీక్షలు కొంత సమర్థించుచు, కొంత తగ్గించుచున్నవి. 300 మాత్రల కాలమున నూనె రోమమూలములకును, 400 మాత్రలకుఁ జర్మమునకును, క్రమముగా 900 మాత్రలకు మజ్జకును జేరునని డల్హణుఁడు లెక్క చెప్పెను. మజ్జదాఁక నూనె దిగునని నేఁటి శారీరశాస్త్ర మంగీకరింపదు. నడుమునొప్పికి మర్దనము కొలఁదికాలము మేలు చేయవచ్చునే కాని దృఢమైన ప్రమాణము చాలదని 2015లో వెలువడిన సమీక్ష తేల్చినది. నెలలు నిండని శిశువుల చర్మమునకుఁ బ్రొద్దుతిరుగుడు నూనె పూయఁగా నాసుపత్రిలో సోకు రోగములు తగ్గినవని ఢాకాలో జరిగి 2005లోఁ బ్రకటితమైన పరిశోధన చూపినది. మన ముదుసళ్లు కాళ్లు చాఁచి, వానిపై బిడ్డను బరుండఁబెట్టి నూనె యంటుట వట్టి ముచ్చట కాదని దీనివలనఁ గొంత తెలియుచున్నది.

ఫలముతోపాటు నిషేధమును జ్ఞప్తియం దుంచుకొనవలయును. నవజ్వరమునను, అజీర్ణమునను, వమనవిరేచనములైన దినమునను నభ్యంగము కూడదని సుశ్రుతుఁడు చెప్పెను. విఱిగిన యెముకపైనను, నెత్తురు గడ్డకట్టిన కాలిపైనను మర్దనము ప్రమాదమని నేఁటి వైద్యులు చెప్పుచున్నారు. అన్నింటికి నొక్క పేరు పెట్టినచో నేది యెవరికిఁ దగునో, యేది యెవరికిఁ దగదో తెలియక పోవును. తలంటు, నలుగు, ఒత్తుడు, పిసుకుడు, తొక్కుడు అనునవి పామరపు మాటలని నిఘంటువులలో నొక మూలకుఁ ద్రోయక, యా పని యెఱిఁగిన వృద్ధుల నోట వాని యర్థభేదములను సీమ సీమకు విచారించి వ్రాసిపెట్టుట భాషకును, వైద్యమునకును నుపకారము. ఆ పనికిఁ బండితులును, ఉపాధ్యాయులును బూనుదురు గాక.