గేటు పడ్డాక, లైటు మారకముందు

బెజవాడ కూడళ్ల కథ రోడ్డుతో కాదు, రైలుతో మొదలుపెట్టాలి. 1889లో నిజాం రైలు ఇక్కడికి చేరింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన వచ్చింది. ఆ తర్వాత బందరు, భీమవరం లైన్లు డెల్టాలోకి చొచ్చుకుపోయాయి. కాలవ గట్టున తన తీరున సాగే ఎడ్లబండి ‘గేటు పడింది’ అని ఆగడం నేర్చుకుంది.

ఎర్ర, పచ్చ దీపాలు కూడా రైలు సొత్తే. 1868 డిసెంబరులో లండన్ పార్లమెంటు దగ్గర తొలి రోడ్డు సిగ్నల్‌కు రూపమిచ్చిన జె.పి. నైట్ రైల్వే ఇంజనీరు. దీపాలనైతే రోడ్డు అరువు తెచ్చుకుంది గానీ, వాటి వెనకున్న తాళాన్ని తెచ్చుకోలేదు. ఇంటర్‌లాకింగ్ ఉన్న గేటు మూసుకుని తాళం పడితేగానీ రైలుకు పచ్చ రాదు. బెజవాడ గవర్నర్‌పేటలో ఎర్ర లైటు దగ్గర బండిని ఆపేది నడిపేవాడి బుద్ధి ఒక్కటే.

ఏలూరు రోడ్డుకీ బందరు రోడ్డుకీ నడుమ సందుల్లో చాలాచోట్ల ఆ లైటు కూడా ఉండదు. అక్కడ వేగం తగ్గించాలి, మెయిన్ రోడ్డు బండిని ముందు పోనివ్వాలి, ఏదీ మెయిన్ రోడ్డు కాకపోతే కుడివైపు నుంచి వచ్చేవాడికి దారివ్వాలి. ముందు హారన్ కొట్టినవాడిదే దారి అన్న మన న్యాయం ఏ చట్టంలోనూ లేదు.

ఇక కాపలా లేని రైలు గేటు దగ్గరైతే 1988 మోటారు వాహనాల చట్టం మరీ కచ్చితం. బండి ఆపి, కండక్టరో క్లీనరో పట్టాల దాకా నడిచి చూసి రావాలి. ఎవరూ లేకపోతే డ్రైవరే దిగాలి. ఎందరు దిగారు? 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో స్కూలు బస్సును రైలు ఢీకొట్టి 10 మందికి పైగా పిల్లలు పోయారు. 2019 జనవరి చివరికల్లా బ్రాడ్‌గేజి మీద కాపలా లేని గేట్లన్నీ తీసేశారు. డ్రైవరు దిగుతాడని ఎదురుచూడటం మానుకోవడమే రైల్వే చేసిన తెలివైన పని.

బెజవాడ ఊళ్లోనూ అదే దారి. సత్యనారాయణపురం పట్టాలు తీసేసి బీఆర్‌టీఎస్ రోడ్డు వేశారు. 2020లో బెంజి సర్కిల్‌కు, దుర్గగుడి దగ్గరకు ఫ్లైఓవర్లొచ్చాయి.

ఇక మిగిలిన గేట్ల సంగతి. డెల్టాలోకి పోయే గుడివాడ లైను ఇప్పుడు జంట లైనైంది. ఒక రైలు పోయాక కూడా గేటు లేవలేదంటే గేట్‌మన్ నిద్రపోయాడని కాదు, అవతలి పట్టాల మీద ఇంకో రైలు వస్తూ ఉండొచ్చని. స్కూటర్ వంచి గేటు కింద దూరేవాడికి కనబడనిది ఆ రెండో రైలే.